టోపీ నీడలో వదిలేసిన ముఖాలు

డెలియా నన్ను అడిగింది ఒక్క ముఖం. చనిపోయిన తన భర్త రేమన్ ముఖం. రేమన్, నేను టెక్సస్ సముద్రతీరంలోని ఒకే ర్యాంచిలో, పక్కపక్కన గుర్రాల మీద, పదేళ్ళకు పైగా పశువులు కాశాం. తర్వాత నేను కౌబాయ్‌ల బొమ్మలు వేసే చిత్రకారుణ్ణయ్యాను. అదే నాకు కూడు పెట్టింది. రేమన్ ముఖం వేయగలవాడు ఈ భూమ్మీద నేనొక్కణ్ణే అని డెలియా నమ్మింది. నేనూ నమ్మాను. ఆ నమ్మకం ఎక్కడ చెడిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

రాయమన్నది మన హ్యూస్టన్ తెలుగు క్రైస్తవ సంఘంలోని షారన్. ఆ మధ్య ఆరాధన అయ్యాక, భోజనాల దగ్గర ఆమె తండ్రి సుధాకర్ నన్ను పక్కకు పిలిచాడు.

"వందనాలన్నా. మా షారన్‌కి మీరే కొంచెం చెప్పాలి. కంప్యూటర్ సైన్స్‌లో అడ్మిషన్ వచ్చింది. అది వదిలేసి పెయింటింగ్ చదువుతానంటోంది. ఆ ఫీల్డ్‌లో ఫ్యూచర్ లేదని మీ నోటితో చెప్తే వింటుంది."

షారన్ బిర్యానీ ప్లేటుతో అక్కడే నిలబడి ఉంది. "డాడ్, అంకుల్ ఆ ఫీల్డ్‌లోనే కదా బతికారు. ఇల్లు కూడా కొన్నారు."

"అంకుల్ది వేరే కాలం అమ్మా."

"అంకుల్, మీరు చెప్పండి. వర్త్ ఇట్ ఆ, కాదా?"

ప్రార్థన చేసుకో తల్లీ అన్నాను. జవాబు దొరకనప్పుడు మాబోటి పెద్దవాళ్ళు అనే మాట అది. ప్రార్థన మీద గౌరవంతో అన్నది కాదు. ఆ అమ్మాయికి ఆ తేడా తెలిసినట్టే ఉంది. "ఓకే అంకుల్, మీరు ప్రార్థన చేసుకుని నాకు చెప్పండి" అంది. చేసుకున్నాను. ఇది జవాబు.

గుర్రం మీది కాలం

మాది ఒంగోలు దగ్గర ఒక మిషను కాంపౌండు. మా నాన్న అక్కడి పశువుల కొట్టం చూసేవాడు. నేను పశువుల ఆసుపత్రిలో చేతికింద పనివాణ్ణి. మిషను పని మీద వచ్చిన ఒక టెక్సస్ పెద్దమనిషి, సొంతంగా మూపురం పశువులు పెంచేవాడు, మా కొట్టంలో పెద్ద ఆంబోతు నా వెనక కుక్కపిల్లలా నడవడం చూశాడు. "నా దగ్గర ఇలాంటివి మందలకు మందలున్నాయి. వాటి మనసు తెలిసినవాడు ఒక్కడూ లేడు" అన్నాడు. అలా ఇక్కడికి వచ్చాను. తీరా వస్తే ఆ పశువులు ఎన్నో తరాల నుంచీ టెక్సస్‌వే. నా అదిలింపులు వాటికి అర్థం కాలేదు. నన్ను చూస్తే పారిపోయేవి.

కౌబాయ్ పని అంటే ఏమిటో ముందు చెబుతాను, ఎందుకంటే నా బొమ్మల్లో అది లేదు. ఎక్కువ భాగం కంచె పని. గుంజలు పాతడం, తెగిన తీగ లాగి బిగించడం, నీళ్ళ తొట్లు కడగడం, ఉప్పుగడ్డి బురదలో దిగబడిన దూడను నడుముకు తాడు కట్టుకుని ఒడ్డుకు లాగడం. దోమలు గుర్రం మెడ మీద నల్లటి దుప్పటి కప్పినట్టు వాలేవి. సూర్యాస్తమయం వేళ కొండ అంచున గుర్రాన్ని ఆపి దూరానికి చూసే కౌబాయ్‌ని నేనెన్నడూ చూడలేదు. మా వైపు కొండే లేదు. ఆ వేళకు అందరికీ ఆకలిగా ఉండేది.

అన్నం ముందు నేను టోపీ తీసి ప్రార్థన చేసేవాణ్ణి. మొదట్లో నవ్వారు. తర్వాత్తర్వాత చెంచాలు ఆపి ఆగేవారు. నాకు ప్రీచర్ అని పేరు పెట్టింది రేమనే. "ప్రీచర్, పొట్టి ప్రార్థన చెయ్యి. బీన్స్ చల్లారితే ఆయన కూడా మెచ్చుకోడు" అనేవాడు. అతను కేథలిక్కు, నేను బాప్టిస్టును. మరియమ్మ గురించి ఎన్నోసార్లు వాదించుకున్నాం. వాదన మధ్యలో ఆవు తప్పించుకుంటే ఇద్దరం కలిసి దాని వెంట పడేవాళ్ళం.

మా తీరప్రాంతంలో ఒక పద్ధతి ఉంది. ఉచ్చుతాడు రెండో కొసను జీను ముందుండే కొమ్ముకు గట్టిగా ముడివేసి కట్టేస్తారు. ఉచ్చు ఆవు మెడలో పడిందంటే ఇక ఆవు, గుర్రం, మనిషి ఒకే కట్టులో ఉన్నట్టు. నెవాడా వైపు అలా కట్టరు. కొమ్ము చుట్టూ తాడును మెలికలు తిప్పి పట్టుకుంటారు, ప్రమాదం వస్తే వదిలేస్తారు. ఏది మంచిదన్న విషయం మీద ఈ దేశంలో పెద్ద మనుషులు ముఖాలు చూసుకోవడం మానేశారు.

ఒక రోజు నా ఉచ్చులో పడ్డ పెద్ద ఆవు ఓక్ చెట్టు చుట్టూ తిరిగింది. తాడు చెట్టుకు చుట్టుకుని నా గుర్రాన్ని పక్కకు లాగి పడేసింది. నా కాలు దాని కింద ఉండిపోయింది. ముడి విప్పే వ్యవధి లేదు. రేమన్ తన గుర్రం మీంచి దూకి చాకుతో తాడు కోశాడు. "ముడి బాగా వేశావు, ప్రీచర్. కొయ్యడానికి చెయ్యి పీకింది" అన్నాడు. నా ఎముక రెండు చోట్ల విరిగింది.

ఆ కాలు అతుక్కునే నెలల్లోనే నేను బొమ్మలు వేయడం మొదలుపెట్టాను. దాణా సంచుల కాగితం, వడ్రంగి పెన్సిలు. రేమన్ పని నుంచి వచ్చి నా మంచం పక్కన కూర్చుని ఆ రోజు జరిగిందంతా చెప్పేవాడు. ఎవరు పడ్డారు, ఎవరు బూతులు తిట్టారు, వంటవాడు దేనికి అలిగాడు. నేను వాళ్ళ ముఖాలు వేసేవాణ్ణి. అప్పుడు నేను వేసినవన్నీ ముఖాలే. కుర్రాళ్ళు పోట్లాడి పట్టుకుపోయేవారు. రేమన్ ముఖం కూడా వేశాను. డెలియా దాన్ని వంటింటి గోడకు అంటించుకుంది. తుఫాను వరద వచ్చినప్పుడు వాళ్ళ ఇంట్లో నీళ్ళు కిటికీల దాకా నిలిచాయి. ఆ బొమ్మా, పెళ్ళి ఆల్బమూ, ఇంట్లో ఉన్న పాత ఫొటోలన్నీ గుజ్జయిపోయాయి.

అందుకే ఆమెకు నేను కావలసి వచ్చాను.

"ఫోన్లలో ఉన్నాయి కదా?" అని అడిగాను ఆమె వచ్చిన రోజు.

"ఉన్నాయి. చివరి రెండేళ్ళవి. అది జబ్బు ముఖం. పిల్లలు దాన్నే తాత అనుకుంటున్నారు. నాకు దొడ్లో దూడల్ని పట్టేటప్పటి ముఖం కావాలి."

"లైసెన్సు?"

"లైసెన్సు ఫొటోలో దొంగలా ఉంటాడు. నువ్వు వెయ్యి ప్రీచర్. రోజంతా అతనితో ఉన్నది నువ్వే. నా దగ్గరికి వచ్చేది నిద్రకే."

సరే అన్నాను. ఒక నెల చాలన్నాను.

కార్వర్ చెప్పిన మాట

కాలు అతికినా రోజంతా గుర్రం మీద కూర్చునే శక్తి తిరిగి రాలేదు. ర్యాంచిలో తేలిక పనులు చేస్తూ సంచి కాగితం నుంచి కాన్వాసుకు వచ్చాను. చివరకు శాన్ ఆంటోనియోకి పైన కొండల్లో ఉన్న చిన్న పట్నంలో, కార్వర్ అనే ఆయన నడిపే గ్యాలరీకి మూడు బొమ్మలు పట్టుకెళ్ళాను. ఈ వృత్తిలో నాకు ఉన్న ఒకే ఒక్క యజమాని ఆయన. కళ్ళజోడు నెత్తి మీదికి తోసుకుని చూశాడు.

"ఇవేంటి, ఒంటెలా?"

"ఆవులు సర్. మేము కాసేవి ఇవే."

"నువ్వు కాసి ఉంటావు. కొనేవాడు కాయలేదు. వాడి లెక్కలో ఆవంటే పొడవాటి కొమ్ములు. ఆ మూపురం తీసెయ్. మెడ కింద ఆ వేలాడేది కూడా."

"గంగడోలు" అన్నాను తెలుగులో, ఊరికే.

"అదే. వెనకాల ఏముంది?"

"గడ్డి సర్. దాని వెనక సముద్రం."

"కౌబాయ్ వెనక సముద్రమా? కొండ పెట్టు. ఎర్రకొండ అయితే మరీ మంచిది. ఈ మనిషి ఎవరు?"

"రేమన్ అని, నాతో పనిచేస్తాడు."

"నాకు తెలీదు కదా. కొనేవాడికీ తెలీదు. కొనేవాడు పళ్ళ డాక్టరు. రేమన్‌ని తన గోడకు ఎందుకు తగిలించుకుంటాడు? టోపీ కిందికి దించు, ముఖం నీడలో పడేలా. టోపీ కింద తనే ఉన్నాననుకోవాలి వాడు. అప్పుడు కొంటాడు." తర్వాత నా సంతకం చూశాడు. "జక్కరయ్య. ఇది పలికేసరికి నాకు మధ్యాహ్నం అవుతుంది. జాక్ రే అని పెట్టు."

పెట్టాను. మూపురాలు తీసేశాను, కొండలు పెట్టాను, టోపీలు దించాను. ఆ మూడు బొమ్మలూ అమ్ముడుపోయాయి. తర్వాత పాతికేళ్ళ పైచిలుకు అదే పని.

కార్వర్‌ను నేను తప్పుపట్టను. ఆయన ఎన్నడూ నన్ను మోసం చెయ్యలేదు. మా ఆవిడ సుగుణ ఆసుపత్రిలో నర్సుగా రాత్రి డ్యూటీలు చేసే రోజుల్లో, నా బొమ్మలు అమ్ముడవడం వల్లే ఆమె పగటి డ్యూటీకి మారగలిగింది. షారన్, మీ నాన్న భయపడేది దీని గురించే. ఆ భయం నిజమైనదే, దాన్ని చిన్నచూపు చూడకు. కానీ కార్వర్ చెప్పిన నాలుగింటిలో మూడు నాకు బాధనిపించినా చేసినవి. ముఖాన్ని నీడలో దాచడం మాత్రం నాకు హాయిగా ఉంది. ముఖం వేయడం కష్టం. కన్ను ఒక గింజ పక్కకు జరిగితే మనిషి మారిపోతాడు. నీడ వేయడానికి ఒక ముదురు గోధుమ రంగు, కొంచెం నీలం, ఒక మెత్తటి కుంచె చాలు. యజమాని చెప్పాడు కదా అనుకుంటే మనసుకూ తేలిక. ఈ రంగంలోకి వచ్చేవాళ్ళు మిగతా ఆజ్ఞల మాట ఎలా ఉన్నా, తమకు సుఖంగా అనిపించిన ఆజ్ఞ దగ్గర ఆగి చూసుకోవాలి.

ముడులు చూసేవాళ్ళు

కౌబాయ్ బొమ్మల ప్రదర్శనలకు రెండు రకాల మనుషులు వస్తారు. కొనేవాళ్ళు ఒకరు. రెండో రకం ముసలి పశుకాపరులు. వాళ్ళు కొనరు. చదువుకునే కళ్ళజోళ్ళు పెట్టుకుని బొమ్మకు ముక్కు తగిలేంత దగ్గరగా నిలబడి ముడులు చూస్తారు. జీను పట్టీ ఎటువైపు బిగించారు, ముద్ర ఏ తొడ మీద ఉంది, రికాబులో మడమ ఎంత దిగింది. వాళ్ళు తప్పు పట్టుకున్నారంటే ఆ మాట సాయంత్రానికి గది అంతా పాకుతుంది.

మొదటి ఏడాదే నేను పట్టుబడ్డాను. కొండల ముందు నెవాడా వాడి వేషంలో ఒక మనిషిని వేసి, చేతి అలవాటు కొద్దీ తాడును మాత్రం మా వైపు లాగా జీను కొమ్ముకు ముడివేశాను. ఒక ముసలాయన చాలాసేపు చూసి నన్ను పిలిచాడు.

"వీడి టోపీ నెవాడా. తోలు తొడుగులు నెవాడా. తాడు టెక్సస్. ఇంతకీ వీడిది ఏ ఊరో వీడికన్నా తెలుసా?"

పక్కనున్నవాళ్ళు పొట్టపట్టుకుని నవ్వారు. కార్వర్ ఆ బొమ్మను గోడ మీంచి దింపించాడు. ఆ అవమానం తర్వాత నేను ముడుల్ని వాక్యం చదివినట్టు చదివాను. ర్యాంచీలు తిరిగి జీనులు చేసేవాళ్ళ దగ్గర కూర్చున్నాను. తర్వాతెప్పుడూ నా బొమ్మలో ఒక్క ముడి తప్పని ఎవరూ అనలేదు. ఆ పేరుతోనే నిలదొక్కుకున్నాను.

ఇన్నేళ్ళలో ఆ కళ్ళజోళ్ళవాళ్ళలో ఒక్కరు కూడా, ఈ మనిషి ఎవరు అని అడగలేదు. అడగలేదు గనక నన్ను నేనూ ప్రశ్నించుకోలేదు.

ఒక్కసారి మాత్రం రేమన్, డెలియా హ్యూస్టన్‌లో జరిగిన ప్రదర్శనకు వచ్చారు. రేమన్ పెళ్ళిళ్ళకు పెట్టుకునే టోపీ పెట్టుకొచ్చాడు. గది మధ్యలో నా పెద్ద బొమ్మ ముందు ఆగిపోయాడు. మంచులో ఒంటరి రౌతు, వెనక్కి తిరిగి పశువుల్ని చూస్తున్నాడు. రేమన్ జన్మలో మంచులో పనిచెయ్యలేదు.

"ఇది నేనే కదా, ప్రీచర్?"

"నీకెలా తెలుసు?" అంది డెలియా. "ముఖమే లేదు."

"ఎడమ భుజం దిగి ఉంది, మోకాలు బయటికి తిరిగి ఉంది చూడు. నా మోకాలు నాకు తెలీదా." చుట్టూ తిరిగి మిగతావి చూశాడు. "అదీ నేనే. ఆ మూలది కూడా. ప్రీచర్, నువ్వు నన్ను ఎన్ని ఊళ్ళలో అమ్మావు?"

ముగ్గురం నవ్వుకున్నాం. డెలియా ముందుగా ఆపింది. ఆ మంచు బొమ్మ దగ్గరికి మళ్ళీ వెళ్ళి, టోపీ అంచు కింద ఏమైనా కనిపిస్తుందేమోనన్నట్టు కాస్త వంగి చూసింది. ఇప్పుడు ఆలోచిస్తే, ఆమె అడగవలసింది ఆ రోజే అడిగింది. నేను కార్వర్ పిలుస్తున్నాడని వెళ్ళిపోయాను.

పోలిక

మా తాత సంఘంలో ఉపదేశి. దేని రూపాన్నీ చేసుకోకూడదన్న రెండో ఆజ్ఞను మాకు ఎంత గట్టిగా నేర్పాడంటే, నేను పలక మీద కోడిని గీసినా చెరిపించేవాడు. కుంచె పట్టిన కొత్తలో నాకు ఈ విషయంలో ఎంతో పోరాటం. బైబిల్లో, ప్రత్యక్ష గుడారం అనే ఆరాధన స్థలం కట్టడానికి దేవుడు బెసలేలు అనే పనివాణ్ణి పేరు పెట్టి పిలిచి, అతని చేతుల్ని తన ఆత్మతో నింపిన సంగతి చదివి ఊరట పొందాను. సంఘంలో సాక్ష్యం చెప్పమన్నప్పుడల్లా ఆ బెసలేలు గురించే చెప్పేవాణ్ణి. నా చేతి పని కూడా ఆరాధనే అనేవాణ్ణి. జనం ఆమెన్ అనేవారు.

ఆ గుడారం దాకా వెళ్ళిన నేను, అంతకంటే ముందున్న బైబిలు మొదటి పేజీ దగ్గర ఆగలేదు. దేవుడు తన పోలిక ఇచ్చింది మనిషికి. గుర్రానికి ఇవ్వలేదు, జీనుకు ఇవ్వలేదు, తాడు ముడికి అసలే ఇవ్వలేదు. ఆయన పోలిక లేనివాటన్నిటినీ నేను వెంట్రుక వాసి తేడా లేకుండా వేశాను. ఉన్నదాని మీద నీడ పరిచాను. ఇది నేను దేవుని సన్నిధిలో మోకాళ్ళ మీద ఒప్పుకున్న మాట గనక ఇక్కడ రాయడానికి సిగ్గుపడను. బాధ మాత్రం పోలేదు. క్షమాపణ దొరుకుతుందని నాకు తెలుసు. కానీ క్షమాపణ రేమన్ ముఖాన్ని నాకు తిరిగి తెచ్చిపెట్టదు.

షారన్, నువ్వు వెళ్ళు. మీ నాన్నతో నేను మాట్లాడతాను. అక్కడ ఎవరేం నేర్పినా సరే, రోజుకొక ముఖం వెయ్యి. నీతో బస్సులో కూర్చున్నవాళ్ళది, మీ అమ్మది. డబ్బు కోసం వేసే బొమ్మ ఎలాగైనా ఉండనీ, ఈ చెయ్యిని మాత్రం ఎండనివ్వకు. చెయ్యి ఎండితే కన్ను కూడా చూడటం మానేస్తుంది. నాకు అదే జరిగింది.

నాలుగు కాన్వాసులు

డెలియా పని మొదలుపెట్టాను. కూర్చున్న తీరు ఒక పూటలో వచ్చింది. దిగిన భుజం, మోకాలు, కళ్ళెం రెండు వేళ్ళతోనే పట్టుకునే ఎడమ చెయ్యి. కళ్ళు మూసుకుని వేయగలను వాటిని. మెడ దాకా రేమనే. మెడ పైన చెయ్యి ఆగిపోయింది.

గడ్డం ఎలా ఉండేది? కనుబొమ్మలు కలిసేవా? అతను నవ్వితే ముందు ఏది కదిలేది? పదేళ్ళు నాతో అన్నం తిన్న మనిషి. గుర్తు తెచ్చుకుందామని కళ్ళు మూసుకుంటే టోపీ కనిపించేది, టోపీ కింద నా రంగే కనిపించేది. నేను వేసిన బొమ్మలు నేను చూసిన మనిషిని మింగేశాయి. మొదటి కాన్వాసులో వచ్చింది ఎవరో కేలెండరు సెయింటు ముఖం. రెండోది మా పెదనాన్న కొడుకులా ఉంది. మూడోదాన్ని సుగుణ వచ్చి చూసింది.

"ఏవండీ, కోప్పడకండి. మీరసలు మనుషుల ముఖం చూసి మాట్లాడరు. ప్రార్థనలో కళ్ళు మూసుకుంటారు, మామూలప్పుడు చేతుల వంక చూస్తారు. నాకు బుగ్గ మీద మచ్చ ఏ వైపో చెప్పండి."

ఆమె వెనక్కి తిరిగి ఉంది. నేను కుడి అన్నాను. ఆమె తిరిగి చూపించింది. నేను మళ్ళీ గదిలోకి వెళ్ళిపోయాను.

డెలియా పెద్ద కొడుకు బెన్నీ రిఫైనరీలో పనిచేస్తాడు. తండ్రి దవడే అన్నది డెలియా. అతన్ని కూర్చోబెట్టి నాలుగోది వేశాను. ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు, తల ఎత్తమంటే ఎత్తాడు. ముఖం బాగానే వచ్చింది. అది పట్టుకుని డెలియా ఇంటికి వెళ్ళాను. వరద తర్వాత గుంజల మీద ఎత్తుగా కట్టుకున్న ఇల్లు. ఆమె బొమ్మను సోఫా మీద నిలబెట్టి, చీకట్లో దారి చూసినట్టు చూసింది.

"ఇది బెన్నీ."

"దవడ..."

"దవడ అతనిదే. మనిషి బెన్నీ. బెన్నీ నాకు ఉన్నాడు కదా, ప్రీచర్. ఆదివారం వచ్చి ఫ్రిజ్ ఖాళీ చేసి పోతాడు."

కావాలంటే టోపీ కొంచెం దించుతానన్నాను. నోటి నుంచి ఆ మాట దానంతటదే వచ్చింది. దించితే అది ఖచ్చితంగా రేమన్ అవుతుందని నాకు తెలుసు. ఆమెకూ తెలుసు.

"దించితే అతనేలే" అంది మెల్లగా. "అలాంటివి ఊరంతా ఉన్నాయి. పళ్ళ డాక్టర్ల ఇళ్ళల్లో ఉన్నాయి. నాకు అది వద్దు."

నాకు రావడం లేదు డెలియా, అన్నాను. ఎంత ప్రార్థన చేసినా రావడం లేదు. ఆ మాట చెప్పడానికి నాకు అన్ని నెలలు పట్టింది. ఆమె తిడుతుందనుకున్నాను. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. "నాకూ పూర్తిగా రావడం లేదు" అంది. "కారు నడుపుతుంటే పక్క నుంచి చెవి, చెంప వస్తాయి. ఎదురుగా రావడం లేదు. నీకు వచ్చి ఉంటుంది, నీ దగ్గర చూసుకోవచ్చు అనుకున్నాను. అందుకే నీ మీద అంత ఆశ పెట్టుకున్నాను."

అతను పోయిన రోజు నేను ఏడవలేదు. సమాధి దగ్గర వాక్యం చదివే బాధ్యత నాది గనక నిబ్బరంగా ఉన్నాను. ఆ సోఫా ఎదురుగా మాత్రం ఏడ్చాను. డెలియా కాగితం రుమాలు పెట్టె నా వైపు జరిపి, తనూ ఒకటి తీసుకుంది.

కూర్చున్న మనిషి

వెళ్ళడానికి లేచాను. ఆమె గుమ్మం దగ్గర ఆపింది.

"రంగులు కార్లో ఉన్నాయా?"

"ఉన్నాయి."

"అయితే నన్ను వెయ్యి. రేపు నా మనవలు ఇంకెవరి దగ్గరికో పోయి నా ముఖం అడుక్కోవడం ఎందుకు? నేనింకా ఉన్నాను కదా, ఇక్కడే."

"నాకు ముఖాలు రావు డెలియా. ఇప్పుడే చూశావు."

"నేను ఎదురుగా ఉంటాను. కళ్ళు మూసుకోకుండా వేస్తే చాలు."

అప్పటి నుంచి శనివారాలు వెళుతున్నాను. నాకు అరవై ఎనిమిదేళ్ళు. చేతిలో సన్నటి వణుకు. ఒక ఆడమనిషి ముఖంలోకి అంతసేపు చూడటం మా కాంపౌండులో పెరిగినవాడికి తేలిక కాదు. మొదటి వారం నేను ఆమె కాలరు బొత్తాలు మాత్రం అద్భుతంగా వేశాను. "బొత్తాలు నేను పోయాక కూడా ఉంటాయి, పైకి చూడు" అంది. చూశాను. కనురెప్పల పైన చర్మం ఎలా మడతపడుతుందో, మాట్లాడేముందు గడ్డం ఎలా కాస్త ముందుకు వస్తుందో చూశాను. ముప్పై ఏళ్ళకు పైగా తెలిసిన మనిషి.

బొమ్మ మంచిగా రావడం లేదు. ఇది నా వినయం కాదు. ఎడమ కన్ను రెండుసార్లు గీకేశాను. ఈ పని పాతికేళ్ళ వయసులో నేర్చుకుని ఉంటే అన్న ఆలోచన ప్రతి శనివారం నాతో పాటు కారు ఎక్కుతుంది.

పోయిన శనివారం ఆమె లేచి వచ్చి ఈజిల్ వెనక నిలబడింది. చేతులు కట్టుకుని చాలాసేపు చూసింది.

"ముక్కు నాదే. కన్ను పర్లేదు. ఈ నోరెవరిది?"

"నీదే."

"మూసి ఉంది కదా. నేనెప్పుడు నోరు మూసుకుని కూర్చున్నాను? రేమన్‌ని అడిగితే చెప్పేవాడు, ఆ వంటింట్లో నేను మాట్లాడటం ఆపితే పొయ్యి ఆరిపోయిందనుకునేవాడు. ఒకసారి ఏమైందో తెలుసా, మీ ఇద్దరూ ఆ పిచ్చి ఎర్ర ఆవు కోసం పొద్దు గూకేదాకా తిరిగి వచ్చారు చూడు, ఆ రోజు అతను..."

నేను చిన్న కత్తి తీసుకుని ఆ నోటిని కాన్వాసు మీంచి గీకేశాను. ఆమె తిరిగి వెళ్ళి కుర్చీలో కూర్చుంది, చెప్పడం ఆపలేదు. నేను ఆమె వంక చూస్తూ మళ్ళీ మొదలుపెట్టాను.